పొగగొట్టానికొక చరిత్ర

మొన్నటి వేసవిలో మా అబ్బాయి ఇంట, అనగా కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో, ఉన్నప్పుడు ఒక సాయంత్రం గుమ్మం ముందు పెద్ద అట్టపెట్టె ఒకటి దిగింది. "నాన్నగారూ, హెడర్లు వచ్చాయి!" అన్నాడు వాడు, పండుగకు కొత్త బట్టలు వచ్చినంత సంబరంగా. హెడర్ అంటే పుట పైభాగాన వేసే శీర్షిక అని మాత్రమే ఎరిగిన తెలుగు పండితుణ్ణి నేను. పెట్టె విప్పితే ఏ శీర్షికా లేదు. పాములవాడి బుట్టలోలాగ పెనవేసుకొన్న ఇనుప గొట్టాలున్నాయి. నాలుగు గొట్టాలు వంకరలు తిరిగి చివరకు ఒకటిగా కలిసినవి, అటువంటివి రెండు జతలు.

వాడి గ్యారేజీలో 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు ఉంది. వాడికంటే ఇరవై యేళ్ళు పెద్దది. ఇంజను 289 ఘనపు అంగుళాలది, 'వి' ఆకారంలో వైపుకు నాలుగు చొప్పున ఎనిమిది సిలిండర్లు. వాటిలో మండిన వాయువు బయటకు పోవడానికి కర్మాగారంవారు వైపుకొకటిగా పోత ఇనుప మానిఫోల్డు బిగించి ఇచ్చారు. అది చవక, గట్టిది, చప్పుడూ తక్కువే. కాని నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు నడవలో పడి తోసుకోవాలి. ఈ ఇంజనులో నిప్పు రాజుకొనే వరుస 1-5-4-2-6-3-7-8. ఏడూ ఎనిమిదీ పక్కపక్కనే ఉన్నవి, పైగా వెంటవెంటనే మండేవి. ఏడవది విడిచిన పొగ నడవ దాటకముందే ఎనిమిదవది తలుపు తీస్తుంది. హెడర్ చేసే పని ఏ సిలిండరు గొట్టం దానికిచ్చి, కొంత దూరం పోయాక కలపడం. అక్కడ ఇంకొక చమత్కారం ఉంది. గొట్టం చివర విశాలమైన చోటికి చేరిన పీడన తరంగం అల్పపీడన తరంగంగా మారి వెనుదిరుగుతుంది. అది సమయానికి తిరిగి వస్తే సిలిండరులో మిగిలిన పొగను తానే లాగివేస్తుంది. గొట్టం ఇంత పొడవు, ఇంత లావు ఉండాలని లెక్క కట్టేది ఇందుకే.

పండితుడి చాపల్యం కొద్దీ ఒక మాట. కుడివైపున ఉన్న 1 నుండి 4 వరకు సిలిండర్లను మాత్రం తీసుకొని, పై వరుసలో వాటి మధ్య ఎడాలు లెక్కించాను. రెండు, ఒకటి, రెండు, మూడు. గురువు, లఘువు, గురువు: సాక్షాత్తు రగణం! ఆపైన మూడు మాత్రల ఎడం. ఎడమవైపు కూడ ఇదే ఆవృత్తి, ఎత్తుగడ మాత్రమే వేరు. అమెరికా వి-8 కార్ల గుడగుడ ధ్వనికి మూలం ఈ అసమగతియే. మా అబ్బాయికి చెబితే నవ్వాడు గాని, తరువాత తానూ వేళ్ళమీద లెక్కపెట్టుకోవడం చూశాను.

ఇక చరిత్ర. విడివిడి గొట్టాలు పందెపు కార్లకు మొదటినుండీ ఉన్నవే. వాటిని సామాన్యుడి ఇంటి ముంగిటికి తెచ్చినవారు దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు. 1932లో ఫోర్డ్ కంపెనీ మధ్యతరగతివారు కొనగల ధరకు వి-8 ఇంజనును విడుదల చేసింది: 221 ఘనపు అంగుళాలు, 65 అశ్వశక్తి. దానిలో ఒక లోపం. పొగదారులు సిలిండర్ల దిమ్మె లోపలినుండే పోతాయి. పైగా ప్రతి వైపునా నడిమి రెండు సిలిండర్లకు కలిపి ఒకే ద్వారం. నలుగురున్న ఇంటికి మూడు వాకిళ్ళన్నమాట. పొగ వేడి చుట్టూ ఉన్న నీటికెక్కి ఇంజను కాగిపోయేది. పాత కార్లు కారుచౌకగా కొన్న కుర్రవాళ్ళు వాటి బరువు తగ్గించి, ఇంటి వెనుక కొట్టాల్లో గొట్టాలు కోసి అతికి, లాస్ ఏంజిలిస్‌కు ఉత్తరాన మొహావీ ఎడారిలోని మురాక్ అనే ఎండిన చెరువు మీద పరుగు పందాలు వేసుకొనేవారు. 1937లో వారి సంఘాలన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. యుద్ధకాలంలో మురాక్ సైన్యపు విమానస్థావరమైంది. యుద్ధం నుండి తిరిగి వచ్చినవారు ఎల్ మిరాజ్ అనే మరొక ఎండు చెరువుకు చేరారు. 1949లో యూటాలోని బాన్‌విల్ ఉప్పు మైదానానికీ వెళ్ళారు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక పుట్టింది. కొట్టంలో అతుక్కొనేది క్రమంగా పెట్టెలో కొనుక్కొనేది అయింది. 1954లో ఆరంభమైన హెడ్‌మన్ కంపెనీ హెడర్ల తయారీకే పేరుపొందింది. 1965లో కారల్ షెల్బీ లాస్ ఏంజిలిస్‌లో మస్టాంగ్‌ను మార్చి జి.టి. 350 చేసినప్పుడు, 271 అశ్వశక్తి ఇంజను 306కు పెరగడానికి తోడ్పడిన మార్పులలో గొట్టాల హెడర్లు ఒకటి. నాలుగు గొట్టాలు రెండేసిగా కలిసి, ఆ రెండూ మళ్ళీ ఒకటయ్యే రకం అవి.

ఆ గొట్టాలలోనుండి వెళ్ళిన పొగ ఏమవుతుందని మాత్రం చాలకాలం ఎవరూ అడగలేదు. 1943 జులై 26న లాస్ ఏంజిలిస్‌ను కళ్ళు మండించే పొగమంచు కమ్మితే, జపానువారు విషవాయువు వదిలారేమోనని కొందరు భయపడ్డారట. అసలు దోషిని పట్టుకొన్నవాడు హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రజ్ఞుడు. అంతకుముందు ఆయన చేస్తున్నది అనాసపండు పరిమళం మీద పరిశోధన. కార్లూ శుద్ధి కర్మాగారాలూ విడిచే వాయువులు ఎండలో కలిసి ఓజోనును పుట్టిస్తున్నాయని 1950ల ఆరంభంలో ఆయన నిరూపించాడు. పనసతొనల వాసన మీద పరిశోధించే మహానుభావుడొకడు మన నగరాలకూ దొరికితే బాగుండునని నాకు తోచింది.

1966 నమూనా కార్లతో కాలిఫోర్నియాలో పొగ మీద పరిమితులు మొదలయ్యాయి. మా అబ్బాయి కారు ఆ గీతకు ఒక్క ఏడాది ఇవతల ఉంది. 1970లో దేశమంతటికీ కఠినమైన వాయుశుద్ధి చట్టం వచ్చింది. 1975 నమూనాలతో కెటలిటిక్ కన్వర్టరు ప్రవేశించింది. అయితే హెడర్ చరిత్రను మలుపు తిప్పినది చట్టం ఒక్కటే కాదని నా అభిప్రాయం. కన్వర్టరు బాగా వేడెక్కితే గాని పనిచేయదు. బండి తీసిన మొదటి నిమిషాలలోనే ఎక్కువ విషం వెలువడుతుంది. కనుక ఇంజనీర్లు దానిని కారు కిందినుండి క్రమక్రమంగా ఇంజను వద్దకు జరిపారు. అనేక కొత్త కార్లలో అది మానిఫోల్డుతోనే కలిసిపోయింది. హెడర్ బిగించవలసిన చోట శుద్ధియంత్రమే వచ్చి కూర్చున్నది! దానిని విప్పితే చట్టవిరుద్ధం. రాష్ట్ర వాయువనరుల మండలి పరీక్షించి అనుమతి సంఖ్య ఇచ్చిన హెడర్లు కొన్ని ఉన్నాయి గాని, ఇంటి ముంగిట ఈ విద్య చూపడానికి నిజంగా మిగిలినవి పాత కార్లే.

పని శనివారం మొదలైంది. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టాడు. నా పని టార్చిలైటు పట్టుకోవడం. ఆరవ బోల్టు తల తెగి, మొండెం లోపలే ఉండిపోయింది. దానిని వేడిచేసి, డ్రిల్లుతో తొలిచి తీసేసరికి ఆ రోజు కాస్తా అయిపోయింది. మర్నాడు ఎడమవైపు స్టీరింగు పెట్టె అడ్డం వచ్చింది. ఇంజనును ఆ వైపు దిమ్మె నుండి వదులుచేసి, చెక్కముక్క అడ్డుపెట్టి జాకీతో పైకెత్తితే గాని గొట్టం దూరలేదు.

నేను టార్చి పట్టుకొని 1999 తలచుకొంటున్నాను. అప్పుడు వీడు తొమ్మిదో తరగతి. ఒక ఆదివారం నా చేతక్ స్కూటరు సైలెన్సరు విప్పి, లోపల గడ్డకట్టిన మసిని నిప్పుల మీద కాల్చి రాలుస్తున్నాడు. పిల్లలకు పద్యాలు చెప్పే నేను ఆ రోజు వాణ్ణి వీధిలో నలుగురూ వినేటట్లు తిట్టాను. చేయి కూడ చేసుకొన్నాను. మరునాడు స్కూటరు అదివరకటికంటే తేలికగా గట్టెక్కింది. ఆ సంగతి వాడికి నేను చెప్పనే లేదు.

ఆ సాయంత్రం చెప్పాను. వాడు కారు కిందనుండి తల బయటపెట్టకుండానే, "నాకు తెలుసు నాన్నగారూ. సోమవారం మీరు రెండుసార్లు గట్టు మీదికి పోయి వచ్చారు" అన్నాడు.

చీకటి పడ్డాక ఇంజను తీశాడు. గొట్టాల మీది నూనె, రంగు కాలి గ్యారేజీ నిండా పొగ. లోపలినుండి కోడలు కేక వేసింది. ఆ పొగలో నిలబడి రగణం కోసం చెవి ఒగ్గాను గాని, అంత వేగంలో నా చెవికి చిక్కలేదు. వేడికి సాగి చల్లారాక బోల్టులు వదులవుతాయట. మర్నాడు ఉదయమే మళ్ళీ బిగించాలన్నాడు. వైపుకు ఎనిమిది చొప్పున పదహారు. కుడివైపు ఎనిమిదీ నన్ను బిగించమని పానా నా చేతికిచ్చాడు.