మద్యనిషేధం మిగిల్చిన పని

మద్యం మానిన మనిషి కొన్ని నెలలు గడవగానే మళ్లీ ఎందుకు తాగుతాడు? ఒకప్పుడు వరంగల్ జిల్లాలోను, నేడు మహబూబాబాద్ జిల్లాలోను ఉన్న మరిపెడ వంటి ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలను బాధించే ప్రశ్న ఇది. దీనికి సమాధానం కొంతవరకు మన చరిత్రలోనే దొరుకుతుంది.

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా తరగతులు గ్రామీణ స్త్రీలను ఒకచోట చేర్చాయి. సారా వల్ల కూలిపోతున్న సంసారాల గురించి వారు అక్కడ మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ తదితరులు సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం జిల్లా అంతటా వ్యాపించి, సారా వేలంపాటలను సైతం అడ్డుకున్నది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. మరిపెడ కూడా ఆ చట్టం పరిధిలోనిదే. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది.

ఆ ఉద్యమం సాధించినది తక్కువ కాదు. అయితే చట్టం దుకాణాన్ని మూయగలదే గాని, సాయంత్రమయ్యేసరికి పుట్టే తపనను తీర్చలేదు. దుకాణం తిరిగి తెరుచుకున్న నాడు మనిషిని ఆపవలసినది పక్కనున్న తోడే.

ఆ తోడు విలువ 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో తేటతెల్లమైంది. మద్యం మాని కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్ అనే వ్యాపారి, పని చెడిపోయి ఒక హోటలులో ఒంటరిగా ఉండగా మళ్లీ తాగాలనిపించింది. తనవంటి మరొక బాధితునితో మాట్లాడితే నిలబడగలనని తలచి, ఫోన్ల ద్వారా విచారించి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుని కలుసుకున్నాడు. ఆ వైద్యుడు కొద్దిరోజులు మాని, మళ్లీ ఒకసారి తాగాడు. అయినా విల్సన్ ఆయనను విడిచిపెట్టలేదు. 1935 జూన్ 10 తరువాత డాక్టర్ స్మిత్ మద్యం ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ ఆ తేదీనే తన జన్మదినంగా భావిస్తుంది. ‘ఈ ఒక్కరోజు తాగను’ అన్న సంకల్పాన్ని ప్రతి ఉదయం పునరుద్ధరించుకోవడం వారి పద్ధతి.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి నిత్యం తాగేవారు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. అందుచేత వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. సలహా కొరకు 14446 అనే ఉచిత జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చు.

తరువాతి పని ఊరివారిది. మానిన వ్యక్తిని సాయంకాలం ఒంటరిగా వదలకండి. పెళ్లిళ్లలో, దావతులలో గ్లాసు చేతికివ్వకండి. ముందే మానినవారు ఉంటే ఆయనకు పరిచయం చేయండి. ఒకసారి తప్పటడుగు వేసినా నిందించక, మరునాడు మళ్లీ పలకరించండి. దూబగుంట స్త్రీలు ఒకరికొకరు అండగా నిలిచి దుకాణాన్ని మూయించారు. మానినవానికి కావలసినది కూడా అటువంటి అండే.