జీ మైనర్ తిప్పిన మలుపు

1963 ఫిబ్రవరి 28. ఇంగ్లండ్‌ను గడ్డకట్టించిన ఆ ఏటి చలి ఇంకా పూర్తిగా వదల్లేదు. యార్క్ నుంచి ష్రూస్‌బరీకి కచేరీ బృందం బస్సులో పోతోంది. ఆ కచేరీల్లో ప్రధాన ఆకర్షణ పదహారేళ్ల గాయని హెలెన్ షాపిరో. బీటిల్స్ ఆమె తర్వాతే. బస్సులోనే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ గిటార్లు అందుకున్నారు. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ హిట్టయింది. మరి తర్వాతి రికార్డు?

ఓ సంగీత వారపత్రికలోని ఉత్తరాల శీర్షిక చూసి మాట తట్టింది: ‘ఫ్రమ్ మీ టు యూ’. సీ మేజర్‌లో ఎత్తుకున్నారు. సీ, ఏ మైనర్, జీ, ఎఫ్... అందరూ నడిచిన బాటే. పల్లవి కుదిరింది. ఇక బ్రిడ్జ్, ఎనిమిది బార్ల మధ్యభాగం.

అక్కడ వేళ్లు జీ మైనర్ మీద పడ్డాయి.

సీని షడ్జమం అనుకుంటే, అప్పటిదాకా పాట దాదాపు శంకరాభరణం స్వరాల్లో ఉంది. జీ మైనర్ రాగానే కాకలి నిషాదం అరమెట్టు దిగి కైశికి నిషాదమైంది. అంటే హరికాంభోజి! దాన్ని మధ్యమం నుంచి పాడితే మళ్లీ శంకరాభరణమే. మన విద్వాంసులు గ్రహభేదంతో చూపించేది ఇదే. సీ సెవెన్ మీదుగా పాట ఎఫ్ చేరింది. మధ్యమమే కొత్త షడ్జమమైంది. ఆ కార్డ్ తమను సరికొత్త లోకంలోకి తీసుకెళ్లిందని పాల్ తర్వాత చెప్పాడు.

వెళ్లడం సగం పనే. తిరిగి రావాలి. డీ సెవెన్‌లోని ప్రతి మధ్యమం పాటను జీ వైపు నెట్టింది. చివర జీ ఆగ్‌మెంటెడ్: అందులో రిషభం అరమెట్టు పైకి జరిగి గాంధారం కోసం తహతహలాడుతుంది. సీ మేజర్ రాగానే ఆ దాహం తీరుతుంది.

మార్చి 5న లండన్ అబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో, జార్జ్ మార్టిన్ పర్యవేక్షణలో రికార్డు చేశారు. ఏప్రిల్ 11న విడుదల. మే నెలకల్లా బ్రిటన్‌లో మొదటి స్థానం, 7 వారాలు అక్కడే.

అదే ఏడాది అక్టోబరులో రికార్డు చేసిన ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ జీ మేజర్ పాట. దాని బ్రిడ్జ్ డీ మైనర్‌తో మొదలవుతుంది. శ్రుతి వేరు, ఎత్తుగడ అదే. 1964 ఫిబ్రవరి 1న అది అమెరికాలో మొదటి స్థానానికెక్కింది.

పాట కట్టేవారు ‘ఫ్రమ్ మీ టు యూ’లోని ఆ ఎనిమిది బార్లను వాయించి చూసుకోవాలి. జీ మైనర్ దగ్గర మారింది ఒక్క నిషాదం. కానీ ఆ మలుపు వేసినవాళ్లు తిరుగుదారిని కూడా అంతే శ్రద్ధగా కట్టారు. అందుకే తిరిగొచ్చిన పల్లవి విన్నదే అయినా కొత్తగా వినిపిస్తుంది.