మంచినీళ్లు, మురుగునీళ్లు: కనిగిరి ప్రాంతంలో నీటిశుద్ధి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
నీటిలోని రోగకారక సూక్ష్మజీవులను నిర్మూలించే పద్ధతులు మన దేశంలో ఎలా మారుతూ వచ్చాయో, ఆ మార్పులు కనిగిరి వంటి మెట్టప్రాంతానికి ఎంతవరకు అక్కరకు వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శుద్ధి అంటే క్రిమిసంహారమే అన్న అవగాహన బలపడిన కొద్దీ ఫ్లోరైడు సమస్య వెనుకబడిందన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: కనిగిరి, క్రిమిసంహారం, క్లోరిన్, ఫ్లోరైడు, మురుగునీరు.

1. ప్రవేశిక:
తెలుగులో తాగేనీటికి ‘మంచినీళ్లు’ అని పేరు. దానికి ఎదురుగా నిలిచే మాట ‘చెడ్డనీళ్లు’ కాదు, ‘ఉప్పునీళ్లు’. ఈ విభజనకు నాలుకే ప్రమాణం. ఏ బావి తాగడానికి, ఏ బావి వాడకానికి అన్న నిర్ణయం మెట్ట గ్రామాల్లో రుచిని బట్టే జరిగేది. తేటదనం రెండవ ప్రమాణం. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీయడం, బురదనీటిలో పటిక తిప్పడం మన ఇళ్లకు తెలిసిన పద్ధతులు. నీటిని తేర్చే ద్రవ్యాలలో ఒకటిగా ఈ చిల్లగింజను సుశ్రుతసంహిత ‘కతక’మన్న పేరుతో పేర్కొంది. అయితే కలరా సూక్ష్మజీవి గాని, తాగునీటిలో కరిగి ఉండే ఫ్లోరైడు గాని నాలుకకు, కంటికి అందేవి కావు.

2. బావిలో మందు:
1884లో రాబర్ట్ కాఖ్ కలకత్తాలోని ఒక చెరువునీటిలో కలరా సూక్ష్మజీవిని గుర్తించాడు. 1890లలో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ బావులలో పొటాషియం పర్మాంగనేట్ కలపడాన్ని ప్రచారం చేశాడు. నీరు గులాబీరంగుకు మారడంతో ‘మందు’ పడిందని చూసేవారికి తెలిసేది. ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్‌లో 1897లో టైఫాయిడ్ ప్రబలినప్పుడు నీటిగొట్టాలను బ్లీచింగ్ పౌడరుతో శుద్ధిచేశారు. అమెరికాలోని జెర్సీసిటీలో 1908 నుండి క్లోరిన్ వాడకం నిత్యకృత్యమైంది. ఆ బ్లీచింగ్ పౌడరే తరువాతి కాలంలో మన గ్రామాల బావులకు, ట్యాంకులకు చేరింది. మందు కలిపిన తరువాత లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది నేటి ప్రమాణం. “నీళ్లు మందువాసన కొడుతున్నాయి” అని మనవాళ్లు విసుక్కునే ఆ వాసనే నిజానికి రక్షణకు ఆనవాలు.

3. బావి నుండి బోరుకు:
క్రిమిసంహార దృష్టితో చూస్తే తెరిచి ఉన్న బావి కంటే లోతైన బోరు మేలు. వాననీటితో పాటు వచ్చే మలినం అందులోకి సులభంగా దిగదు. 1967 నాటి కరవు రోజుల్లో యూనిసెఫ్ సాయంతో గట్టిరాతి నేలల్లో బోర్లు వేయడం మొదలైంది. 1970ల చివర ‘ఇండియా మార్క్ 2’ చేతిపంపు రావడంతో ఆ విధానం పల్లెపల్లెకూ పాకింది.

ఇక్కడ ఒక సంవత్సరాన్ని గుర్తుచేసుకోక తప్పదు. ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని గురించి షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీ నుండి 1937లోనే వ్యాసం ప్రకటించారు. వారు చెప్పింది నెల్లూరు జిల్లా సంగతి. కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోని తాలూకా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకూ అలాగే ఉంది. అంటే చేతిపంపుల యుగానికి మూడు దశాబ్దాల ముందే ఈ నేల కింది నీటి స్వభావం గ్రంథస్థమైంది. అయినా సురక్షితమైన నీరు అంటే సూక్ష్మజీవులు లేని నీరు అన్న నిర్వచనమే చాలాకాలం చలామణి అయింది. పరిశోధన లేకపోవడం కంటే, ఉన్న పరిశోధనను నేలకు అన్వయించుకోకపోవడమే ఇక్కడ పెద్దలోపమని నా అభిప్రాయం.

4. కాచినా పోనిది:
నీటిని కాచి చల్లార్చి తాగమనే సలహా సూక్ష్మజీవుల విషయంలో తిరుగులేనిది. ఫ్లోరైడు విషయంలో అది పనిచేయదు. నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. బ్లీచింగ్ పౌడరు కూడా దాన్ని తొలగించలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’ ఈ రెండు సమస్యలనూ ఒకే తొట్టిలో ఎదుర్కొంది. సున్నం, పటిక కలిపితే ఏర్పడే తెట్టె ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. బ్లీచింగ్ పౌడరు క్రిములను చంపుతుంది. పాత పటికకే కొత్త పని అప్పగించారన్నమాట. కాని అడుగున పేరుకొన్న బురదను ఎక్కడ పారబోయాలన్న ప్రశ్న మిగిలింది.

5. మురుగు దాకా:
మురుగునీటిని క్రిమిరహితం చేయడం తాగునీటి కంటే కష్టం. అందులోని సేంద్రియ పదార్థం, అమ్మోనియా క్లోరిన్‌ను ముందుగా తామే హరిస్తాయి. అందుకే మడ్డిని తేర్చి, జీవక్రియతో శుద్ధిచేసిన తరువాతే క్లోరిన్ గాని, అతినీలలోహిత కిరణాలు గాని ప్రయోగిస్తారు. హైదరాబాదులో 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటిలో కరోనా వైరస్ ఆనవాళ్లను పరిశీలించినప్పుడు, శుద్ధి అనంతరం వెలువడిన నీటిలో అవి కనిపించలేదు. క్రమపద్ధతిలో శుద్ధిచేస్తే ఫలితముంటుందనడానికి ఇది నిదర్శనం.

ఫ్లోరైడు ప్రాంతాల మురుగుకు మరొక లక్షణముంది. ఆర్వో యంత్రం తాగడానికి వీలైన నీటిని ఒకవైపు, వేరుచేసిన లవణాలతో చిక్కబడిన నీటిని మరొకవైపు పంపుతుంది. ఆ రెండవది కాలువ పాలై, మళ్లీ నేలలోకే ఇంకుతుంది. మురుగుశుద్ధి కేంద్రాలు విడిచే నీటికి కేంద్ర పర్యావరణ శాఖ 2017లో నిర్దేశించిన ప్రమాణాలు నాలుగు: ఆమ్లక్షార సూచిక, జీవరసాయనిక ఆమ్లజని అవసరం, తేలియాడే ఘనపదార్థం, మలసంబంధ కోలిఫారం సంఖ్య. ఈ చివరిది 100 మిల్లీలీటర్లకు 1000 లోపు ఉండాలి. ఆ నాలుగింటిలో ఫ్లోరైడు లేదు.