ఇంజనీర్ల సంస్థలు: కార్యకలాపాలు, ఆదాయ వ్యయాలు

హైదరాబాద్ ఖైరతాబాద్‌లోని విశ్వేశ్వరయ్య భవన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) తెలంగాణ రాష్ట్ర కేంద్రానికి నిలయం. కోల్‌కతా ప్రధాన కార్యాలయంగా పనిచేసే ఈ సంస్థకు దేశవ్యాప్తంగా వందకు పైగా రాష్ట్ర, స్థానిక కేంద్రాలు ఉన్నాయి. ఇటువంటి వృత్తి సంస్థలు ఏ పనులు చేస్తాయి, వాటికి ధనం ఎక్కడ నుంచి వస్తుంది, ఆ ధనానికి జవాబుదారీ ఎవరు అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆవిర్భావం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో భారత పారిశ్రామిక స్థితిగతులను పరిశీలించిన కమిషన్‌కు సర్ థామస్ హాలండ్ అధ్యక్షత వహించారు. ఇంజనీర్లందరికీ ఒక ఉమ్మడి సంస్థ అవసరమన్న ఆలోచన ఆ రోజుల్లోనే బలపడింది. ఫలితంగా 1920లో మద్రాసులో ఈ సంస్థ రిజిస్టర్ అయింది. 1921లో కలకత్తాలో నాటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ దీనిని లాంఛనంగా ప్రారంభించారు. 1935లో రాయల్ చార్టర్ లభించింది.

భవనానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు పెట్టడంలో స్థానిక చరిత్ర కూడా ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరదలు హైదరాబాద్‌ను ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం ఆయన సలహా కోరింది. ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలన్న ఆయన సూచన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నిర్మాణానికి దారితీసింది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను 1968 నుంచి ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

కార్యకలాపాలు

స్థానిక కేంద్రం నిత్యకృత్యం ప్రధానంగా విజ్ఞాన వినిమయం. సాంకేతికోపన్యాసాలు, సదస్సులు, ప్రాజెక్టుల సందర్శన, విద్యార్థి విభాగాల నిర్వహణ, ప్రతిభావంతులకు పురస్కారాలు ఇందులో భాగం. ఆనకట్టల భద్రత, వంతెనల పటిష్ఠత వంటి విషయాలపై విశ్రాంత ఇంజనీర్లు తమ అనుభవాన్ని యువతరానికి అందించే వేదిక ఇదే. అర్హులైన సభ్యులకు చార్టర్డ్ ఇంజనీరు ధ్రువీకరణ కూడా ఈ సంస్థ ద్వారా లభిస్తుంది. యంత్రాల విలువ కట్టడం, వాడిన యంత్రాల దిగుమతి వంటి సందర్భాలలో వారి ధ్రువపత్రాలు అవసరమవుతాయి.

దశాబ్దాల పాటు ఈ సంస్థకు ప్రజాదరణ తెచ్చినది ఎ.ఎం.ఐ.ఇ. పరీక్ష. కళాశాలలో చేరలేని డిప్లొమాదారులు ఉద్యోగం చేసుకుంటూనే ఈ పరీక్ష ఉత్తీర్ణులై, ఇంజనీరింగ్ పట్టాకు సమానమైన గుర్తింపుతో పదోన్నతులు పొందారు. అయితే 2013 మే 31 వరకు నమోదైన వారికే ఆ గుర్తింపు వర్తిస్తుందని కేంద్రం నిర్ణయించింది. దీనితో యువకులను సంస్థ వైపు నడిపించిన ప్రధాన ద్వారం ఇరుకైంది. నమోదు రుసుములపై ఆధారపడే ఏ సంస్థకైనా ఇటువంటి మార్పు ఆర్థికంగానూ భారమే.

ఆదాయ మార్గాలు

వృత్తి సంస్థలకు సాధారణంగా నాలుగు రకాల రాబడి ఉంటుంది: సభ్యత్వ రుసుములు, డిపాజిట్లపై వడ్డీ, సదస్సులకు ప్రతినిధుల రుసుములు మరియు ప్రాయోజకుల విరాళాలు, సమావేశ మందిరాల అద్దె. సిబ్బంది జీతాలు, విద్యుత్తు, ఆస్తి పన్ను, భవన మరమ్మతులు, గ్రంథాలయం స్థిరమైన ఖర్చులు. కార్యవర్గ సభ్యులు గౌరవ హోదాలోనే పనిచేయడం ఆనవాయితీ.

ఇక్కడ గమనించవలసినది జీవితకాల సభ్యత్వం. సభ్యుడు ఒకేసారి చెల్లించే మొత్తానికి ప్రతిఫలంగా సంస్థ ఆయనకు జీవితాంతం సేవ అందించాలి. అందువల్ల దానిని మూలనిధిలో చేర్చి, వడ్డీని మాత్రమే వ్యయం చేయడం వివేకం. ఆ మొత్తాన్ని వచ్చిన ఏడాదే ఖర్చు చేస్తే లెక్కల్లో మిగులు కనిపించినా, భవిష్యత్తు బాధ్యతకు నిధి ఉండదు.

పన్ను నిబంధనలు

సాధారణ ప్రజోపయోగ లక్ష్యంతో నమోదైన సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. దానికి షరతులున్నాయి. ఏటా ఆదాయంలో కనీసం 85 శాతం లక్ష్యాలపై వినియోగించాలి. అంతకు మించి పొదుపు చేయాలంటే కారణం, గడువు తెలపాలి. వ్యాపార స్వభావం గల రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటరాదు. ఉదాహరణకు ఒక సంస్థ రాబడి 50 లక్షల రూపాయలనుకుంటే, అటువంటి రాబడి 10 లక్షలకు మించితే ఆ సంవత్సరపు మినహాయింపు ప్రమాదంలో పడుతుంది. సేవకయ్యే ఖర్చుకు సమానంగా లేదా స్వల్పంగా మించి వసూలు చేయడం వ్యాపారం కాదని, ఖర్చుకు మించి గణనీయంగా వసూలు చేస్తే అది వ్యాపారమేనని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మందిరాన్ని శుభకార్యాలకు అద్దెకిచ్చి లోటు పూడ్చుకునే సంస్థలకు ఈ హద్దు కీలకం.

సభ్యుల చందాపై జీఎస్టీ మరొక వివాదం. సంస్థ, సభ్యులు వేరువేరు వ్యక్తులని 2021 ఆర్థిక చట్టం ద్వారా చేసిన సవరణ, 2017 జులై నుంచి వర్తించేలా నిర్దేశించింది. ఈ సవరణ రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది.

సభ్యుల పాత్ర

ఆడిటరు ధ్రువీకరించిన ఆదాయ వ్యయ పట్టికను వార్షిక సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. అనేక సంస్థలలో ఈ సమావేశానికి హాజరు స్వల్పం. ఎన్నికలు ఉన్న ఏడాదే సందడి కనిపిస్తుంది. అయితే పట్టిక చదవడానికి గణాంక శాస్త్రం తెలియనవసరం లేదు. మూలనిధి పెరిగిందా, తరిగిందా? అద్దె రాబడి మొత్తంలో ఎంత శాతం? ఉపన్యాసాలు, విద్యార్థి కార్యక్రమాలపై చేసిన వ్యయం పరిపాలనా వ్యయంతో పోలిస్తే ఎంత? ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు చందా చెల్లించిన ప్రతి సభ్యునికీ ఉంది. వాటికి సమాధానం ఇవ్వడం కార్యవర్గం విధి.