వణుకుతూనే అడవిలోకి



మిషనరీలకు భయమే ఉండదని మనలో చాలామంది అనుకుంటాం. మేరీ స్లెస్సర్ జీవితం చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది.

ఆమె స్కాట్లాండులోని డండీ పట్టణంలో జూట్ మిల్లు కార్మికురాలు. పొలంలో ఆవు కనబడితే ఆ పొలం దాటడానికే జంకేది. 1876లో నేటి నైజీరియాలోని కాలాబార్‌కు వచ్చింది. 1888 ఆగస్టులో ఇంకా లోపలికి, ఒకోయోంగ్ ప్రాంతానికి బయలుదేరింది. అక్కడ కవలలు పుడితే కీడని చంపేసేవారు. చేతబడి చేశారని అనుమానం వస్తే విషపు గింజల రసం తాగించేవారు. తెలిసినవాళ్ళు ఆమె కోసం భయపడ్డారు. ఏయో రాజు మాత్రం తన పడవ ఇచ్చాడు.

ఒడ్డు చేరేసరికి వాన. పెంచుకుంటున్న ఐదుగురు పిల్లలతో సుమారు 4 మైళ్ళు అడవిలో నడిచి ఎకెంగె చేరితే, ఊరు దాదాపు ఖాళీ. జనం పక్క ఊరికి చావుకు వెళ్ళారు. పిల్లలు తడిసి, ఆకలితో ఉన్నారు. సామాను ఇంకా ఏటి దగ్గరే ఉంది. ఆమె ఆ చీకట్లోనే వెనక్కి నడిచి, మోసేవాళ్ళను లేపి తెచ్చింది.

భయం పోయాక వెళ్దామని ఆమె ఆగలేదు. ఆ జనం మధ్య సుమారు 15 ఏళ్ళు ఉండి, పారేసిన కవలలను తెచ్చి పెంచింది.

పౌలు కూడా కొరింథుకు వణుకుతోనే వెళ్ళాడు కదా! తెలియని ఊరికి సువార్త పనికి వెళ్ళబోతున్న బిడ్డలారా, గుండెదడను అవిశ్వాసం అనుకోకండి. ప్రార్థించి, సంచి సర్దుకోండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.