అంబాసిడర్ కారు: వాటర్ పంపు మార్పు

2014లో ఉత్తరపాడలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది. శివకాశి, కోవిల్‌పట్టి ఎండలలో పాత బండిని నడిపేవారు ముందుగా గమనించవలసినది వాటర్ పంపును.

1489 సీసీ పెట్రోలు ఇంజనులో ఇది ఫ్యాను వెనుకనే ఉంటుంది. దాని అడుగున చిన్న రంధ్రం. అక్కడ నీరు కారితే లోపలి సీలు అరిగినట్లే. కొందరు ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూస్తారు. అది చికిత్స కాదు, రోగాన్ని దాచడం. నీరు బేరింగులో చేరి, ఫ్యాను ఊగి, చివరకు రేడియేటరునే చీల్చవచ్చు.

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట నీరు వదిలి, గొట్టాలు విప్పి, రేడియేటరును దించాలి. డైనమోను వదులుచేసి బెల్టు, ఫ్యాను, పుల్లీ తీయాలి. పంపును పట్టియుంచేవి నాలుగు బోల్టులు. బ్లాకుకు అంటిన పాత గ్యాస్కెట్‌ను ఓపికగా గీకివేయాలి. పెచ్చు మిగిలితే కొత్త పంపు కూడా కారుతుంది. బిగించాక, బెల్టు నడుమ వేలితో నొక్కితే సుమారు అరంగుళం దిగాలి. ఉప్పుబోరు నీరు వద్దు, కూలెంటు పోయాలి. కొంతసేపు నడిపి, చల్లారనిచ్చి, మట్టం మరల చూడాలి.