మోకాలి వదులుకు మిల్లీమీటర్ల లెక్క

మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగితే కింది ఎముక ముందుకు జారుతుంది. ఎంత జారుతోందో చాలాకాలం డాక్టరు చేతికే తెలిసేది. మోకాలిని కొద్దిగా మడిచి, పిక్క పైభాగాన్ని పట్టి ముందుకు లాగే పరీక్షను జార్జ్ నూలిస్ 1875లోనే పారిస్‌లో తన థీసిస్‌లో వర్ణించాడు. దాన్నే ఫిలడెల్ఫియాలో జాన్ లాక్‌మన్ నేర్పించేవాడు. 1976లో ఆయన శిష్యుడు జోసెఫ్ టోర్గ్ తన బృందంతో కలిసి గురువు పేరుతో ప్రచురించాక అది లోకమంతా పాకింది. మంచి పరీక్షే, కాకపోతే ఒకరికి ‘కొంచెం వదులు’ అనిపించింది మరొకరికి ‘బాగా వదులు’ కావచ్చు. ఆపరేషన్ ఫలితం తేల్చాలంటే అంకె కావాలి.

ఆ అంకెను ఆస్పత్రులకు అలవాటు చేసింది శాన్ డియాగోలో పుట్టిన కేటీ-1000 అనే పరికరం. డేల్ డేనియల్ బృందం 1985లో దానితో తీసిన కొలతలు ప్రకటించింది. తొడ కింద దిండు పెట్టి, పరికరాన్ని కాలికి పట్టీలతో కడతారు. ఒక మెత్త మోకాలి చిప్ప మీద, మరొకటి దాని కిందున్న ఎముక బొడిపె మీద ఆనుతాయి. ఒక చేత్తో చిప్పను అదిమి, రెండో చేత్తో పిడి లాగుతారు. 15 పౌండ్లకు ఒకసారి, 20కి మరోసారి పరికరం కూత పెడుతుంది. రెండు మెత్తల మధ్య తేడాను డయల్ చూపిస్తుంది.

చిక్కంతా ఆ చేతుల్లోనే ఉంది. పట్టీ కాస్త పక్కకు జరిగినా, రోగి భయంతో తొడ వెనక కండరాన్ని బిగించినా అంకె మారిపోతుంది. ఈ పరికరాన్ని నమ్మవచ్చా అని 1989లో బ్రిటన్‌లో ఫోర్‌స్టర్ బృందం సూటిగానే అడిగింది. కొలిచేవారు మారితేనే కాదు, ఒకరే మళ్లీ కొలిచినా తేడాలు ఎక్కువేనని తేల్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇంకో విశేషం చూపించారు: కుడి మోకాలిని కుడిచేతివాటం ఫిజియోథెరపిస్టు కొలిస్తే, ఎడమచేతివాటం ఫిజియోథెరపిస్టు కొలిచినప్పటికన్నా ఎక్కువ వదులు కనబడింది!

అందుకే ఒక్క కాలి అంకెకు నేను విలువివ్వను. రెండు మోకాళ్లనూ ఒకరే, ఒకే తీరున కొలిచి తేడా చూడాలి. ఆ తేడా 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలన్నది డేనియల్ కాలం నుంచీ ఉన్న గీటు. రెండో మోకాలికీ పాత దెబ్బ ఉంటే ఆ పోలికా పనికిరాదు.

ఫ్రాన్స్‌లో తయారై 2009లో వైద్య పత్రికలకెక్కిన జీఎన్ఆర్‌బీ అనే పరికరంలో లాగే పని మోటారుది. కండరం బిగిస్తే చర్మం మీది ఎలక్ట్రోడ్లు పట్టేస్తాయి. చేతి తేడా తగ్గింది గానీ, అదీ ముందుకు జారడాన్నే కొలుస్తుంది. ఆటగాణ్ని పడేసేది మాత్రం ఎక్కువగా మోకాలు మెలిపడటమే.

లిన్ స్నైడర్-మాక్లర్ బృందం 1997లో ఏసీఎల్ తెగినవాళ్లను పరిశీలించింది. ఆపరేషన్ లేకుండానే ఆటలోకి తిరిగొచ్చినవాళ్లకూ, మోకాలు మాటిమాటికీ జారిపోయేవాళ్లకూ వదులు కొలతలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. కాబట్టి పరికరం చూపిన అంకె చూసి ఆపరేషన్ ఖాయం చేయడం తొందరపాటని నా నమ్మకం. మెట్లు దిగేటప్పుడు, పరుగులో పక్కకు తిరిగేటప్పుడు మోకాలు ఎలా ఉంటోందో కూడా అడిగి తెలుసుకోవాలి.